బోదకాలు – లెక్కల వల

మా పల్లె మానేటి యొడ్డున నున్నది. నా బాల్యమున, 1970వ దశకములో, ఒక వేసవి రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిమ్మట ఇరువురు ఉద్యోగులు కందీలు పట్టుకొని మా వాడకు వచ్చిరి. ఒకరి చేతిలో గాజుపలకల పెట్టె, రెండవవారి చేతిలో సూదులును, దూదియు, ఒక చిట్టాయు నుండెను. పగలెల్ల ఎక్కడికి పోతిరి, దొంగలు తిరుగు వేళకు నెత్తురు తీయ వచ్చితిరేమని మా తాత పరిహసించెను. వారు నవ్వి ఊరకుండిరి. నిద్రపోవుచున్న పిల్లలను లేపి, ఒక్కొక్కరి వ్రేలికొనను పొడిచి, ఇరువది ఘనపు మిల్లీమీటర్ల రక్తమును గాజుపలకపై పులిమి, పేరు వ్రాసికొని, తరువాతి యింటికి పోయిరి.

అరుగుమీద మా మేనత్త కూర్చుండి యుండెను. ఆమె కుడికాలు మోకాటినుండి క్రిందికి స్తంభమువలె నుండెడిది. పెండ్లిండ్లకు పోవుట ఆమె ఎన్నడో మానుకొన్నది. ఆమె ముట్టిన చెంబును కడిగి బోర్లించువారు మా బంధువులలోనే కలరు. ఆ రాత్రి ఆమె రక్తమును కూడ తీసిరి. కొన్ని దినములకు ఫలితము తెలిసినది. మేనత్త రక్తములో పురుగు లేదు. నా రక్తములో నున్నది. కాళ్లు రెండును చక్కగా నుండి, చెరువుకట్టమీద పరుగులు తీయుచుండిన పదియేండ్ల బాలుడనగు నా రక్తములో!

నాకు పండ్రెండు దినములకు సరిపడ మాత్రల నిచ్చిరి. రెండవనాడు ఒడలు కాగినట్లు జ్వరము వచ్చెను. “నా కాలు చూసినంక గూడ గోలి మింగనంటవా అల్లుడా?” అని మేనత్త యడిగెను. మింగెదనని తల యూపితిని. మిగిలిన మాత్రలను మా యింటి చూరులో దూర్చితిని. ఆమెకు ఆ సంగతి చెప్పలేదు. ఆమె గతించి చాలకాలమైనది.

శ్రోతలారా, రక్తము రాత్రియే ఎందుకు తీసిరి, ఆ మాత్ర ఎవరి చేతినుండి వచ్చినది, నావంటి వాడొకడు మాత్ర మింగకుండుటకును, వాడలోని ఇతరుల కాళ్లకును సంబంధమేమి, అనునవి మూడు ప్రశ్నలు. మూడింటికిని సమాధానము దొరకుటకు సుమారు నూటయేబది సంవత్సరములు పట్టినది. చివరి ప్రశ్నకు సమాధానము చెప్పినది వైద్యుని నాడి కాదు, గణకయంత్రము. ఆ కథను నాకు తెలిసినంతవరకు మీకు మనవి చేయుదును.

బోదకాలు పురాతనమైన వ్యాధియే గాని దాని కారణము మొన్న మొన్నటివరకు తెలియదు. చెడునీరనియు, చెడుగాలియనియు, పూర్వజన్మ పాపమనియు జనులు చెప్పుకొనుచుండిరి. 1872లో కలకత్తాలో టిమతీ లూయిస్ అను సైనికవైద్యుడు రోగుల రక్తములో సన్నని పిల్లపురుగులు కదలాడుటను సూక్ష్మదర్శినిలో చూచెను. 1876లో ఆస్ట్రేలియాయందు బాన్‌క్రాఫ్ట్ వాటి తల్లి పురుగును కనుగొనెను. అది దారపుపోగువలె సన్నగా, ఆడుదైనచో ఎనిమిది పది సెంటీమీటర్ల పొడవు కలిగి, శరీరములోని శోషరసనాళములలో కాపురముండును. నాళము చెడినచో రసము తిరుగుట మాని కాలిలో నిలిచిపోవును. అదియే వాపు.

చీనాదేశమున ఆమాయ్ రేవులో వైద్యుడుగా నుండిన పాట్రిక్ మాన్సన్ 1877లో ఒక విచిత్రమైన పని చేసెను. రక్తములో పురుగున్న తన తోటమాలిని దోమలున్న గదిలో నిద్రింపజేసి, మరునాడు రక్తము త్రాగి ఉబ్బిన దోమలను పట్టి కోసి చూచెను. పురుగులు దోమ కడుపులో చావక పెరుగుచుండెను! మనుష్యుని రోగమొకటి దోమలో పెరుగునని లోకము తెలిసికొనుట అదియే మొదలు. పిల్లపురుగులు పగలు రక్తనాళముల లోతులలో దాగి, దోమలు కుట్టు రాత్రివేళకు చర్మముదగ్గరకు వచ్చుచున్నవని పిదప ఆయనయే తేల్చెను. మా తాత పరిహాసమునకు సమాధానమదియే. పగలు వచ్చి సూది గ్రుచ్చినచో నా గాజుపలకయు మేనత్త పలకవలె శుభ్రముగానే కనబడి యుండును.

మాన్సన్ ఒకచోట పొరబడెను. దోమ నీటిలో పడి చచ్చినపుడు పురుగు నీటిలో కలియుననియు, ఆ నీరు త్రాగినవారికి రోగము వచ్చుననియు ఆయన తలచెను. పురుగు దోమ ముక్కులోనికి ప్రాకి, కుట్టునపుడు మనుష్యునిపైకి దిగునని 1900 సంవత్సరమునగాని తేలలేదు. అయినను ఆ పొరబాటున్న గురువే ఒక మహాశిష్యుని తయారు చేసెను. చలిజ్వరమును కూడ దోమయే మోయుచుండవచ్చునని మాన్సన్ చెప్పగా రోనాల్డ్ రాస్ ఆ మాట పట్టుకొని భారతదేశమునకు మరలి వచ్చెను. సికింద్రాబాదులో, బేగంపేటలోని ఆసుపత్రిలో, 1897 ఆగష్టు 20వ తేదీన ఆయన దోమ పొట్టగోడలో చలిజ్వరపు క్రిమిని చూచెను. హుసేన్ ఖాన్ అను రోగి తన్ను కుట్టనిచ్చిన ఒక్కొక్క దోమకు ఒక్క అణా చొప్పున పుచ్చుకొనెనట. ఆ చిల్లర అణాలకు మన తెలుగునేలమీద కొన్న జ్ఞానము నేటికిని చెల్లుచున్నది.

రాస్ పేరు చెప్పగనే దోమను తలచుకొందురు గాని ఆయన లెక్కలను తలచువారు తక్కువ. నా దృష్టిలో రెండవదియే గొప్ప పని. లాహోరు సమీపమున మియాన్‌మీర్‌లో 1901 మొదలు దోమలను నిర్మూలింపబూనిన ప్రయత్నము విఫలముకాగా, ఊరిలోని దోమలనెల్ల చంపుట యెవరి తరము, కనుక ఈ మార్గమే వ్యర్థము అని పెద్దలు తీర్మానించిరి. రాస్ దానికి లెక్కతో బదులు చెప్పెను. ఒక రోగిని కుట్టిన దోమలలో ఎన్ని క్రిమి పక్వమగువరకు బ్రతుకును, వానిలో ఎన్ని మరియొకని కుట్టును అని హెచ్చవేసి చూచినచో, ఒక్క రోగినుండి సగటున ఒక్క క్రొత్తరోగికంటె తక్కువ పుట్టునంతటి అవధి యొకటి యున్నది. దోమల సంఖ్య ఆ అవధికి దిగినచో, దోమలు మిగిలియున్నను వ్యాధి తనంతట తాను సన్నగిల్లును. 1910లో వెలువడిన తన గ్రంథమునందును, దాని రెండవ కూర్పునందును ఆయన ఈ సమీకరణములను విస్తరించి వ్రాసెను. మనుష్యుడు, దోమ, క్రిమి అను మూడు ప్రాణులు కలిసి అల్లిన వలను కాగితముమీదికి దింపిన మొదటివారిలో ఆయన యొకడు.

రాస్‌తో కలిసి 1901లో ఆఫ్రికాలోని సియెర్రాలియోనుకు ప్రయాణమైన మెక్‌కెండ్రిక్ అను యువవైద్యుడు తరువాత మనదేశమున కసౌలీలో పనిచేసి, స్వదేశమునకు పోయి కెర్‌మాక్‌తో చేయి కలిపెను. కెర్‌మాక్ 1924లో ప్రయోగశాలలో జరిగిన ప్రేలుడువలన రెండు కన్నులును పోగొట్టుకొన్నవాడు. ఆ అంధుడు మనసులోనే సమీకరణములను నడిపెను. 1927లో వారు ప్రకటించిన వ్యాసమునందు తమ సూత్రమును సరిచూచుకొన్నది బొంబాయి ప్లేగు మరణముల పట్టికతోనే. నేడు ఏ అంటువ్యాధి వచ్చినను శాస్త్రజ్ఞులు మొదట తెరచునది వారి పుటలనే.

ఇంతవరకు పెన్సిలు చాలినది. బోదకాలి దగ్గర పెన్సిలు విరిగినది. ఎందుకో చెప్పెదను.

చలిజ్వరపు క్రిమి మనుష్యుని దేహములో ఒకటి వేయిగా పెరుగును. కనుక లెక్క వ్రాయువాడు ఊరిలోని జనులను రోగులు, ఆరోగ్యవంతులు అని రెండు రాసులుగా పోసి లెక్కింపవచ్చును. బోదకాలి పురుగు అట్టిది కాదు. దోమలో ప్రవేశించిన ఒక పిల్లపురుగు ఒక్కటిగానే పెరుగును. మనుష్యునిలో ప్రవేశించిన ఒకటి ఒక్కటిగానే ముదురును. నా దేహములో పది తల్లిపురుగులున్నచో, అవి పదిసార్లు వేరువేరుగా దోమ ముక్కునుండి దిగినవే. ఆడుపురుగొకటి యుండి మగది లేనిచో సంతానమే లేదు. రంగూనులో జరిగిన పరిశోధననుబట్టి 1968లో వేసిన ఒక లెక్కలో, ఒక మనుష్యుని రక్తములో పిల్లపురుగులు క్రొత్తగా కనబడుటకు పురుగును మోయుచున్న దోమలు సుమారు 15,500 సార్లు కుట్టవలెనని తేలినది. మంచము వాకిట వేసికొని పండుకొనెడి మా పల్లెవారికి ఆ సంఖ్య దుర్లభము కాదు. కాని ఇట్టి వ్యాధిని రెండు రాసులుగా పోయుట కుదురదు. ఎవరిలో ఎన్ని పురుగులు, వాని వయస్సెంత, ఆడుదెన్ని మగదెన్ని అని ప్రతి మనుష్యునికిని ఒక చిట్టా తెరువవలెను. ఏ పెన్సిలు దీనికి సరిపడును?

ఈలోపల మందు వచ్చినది. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు అధిపతిగా నుండిరి. రెండవ ప్రపంచయుద్ధమున దక్షిణ పసిఫిక్ ద్వీపములలో వేలకొలది అమెరికా సైనికులకు ఈ పురుగు సోకగా దానికి మందు వెదకవలసివచ్చెను. ఆయన బృందము ఒక జాతి యెలుకలలో నుండెడి ఇటువంటి పురుగుపై ఒక్కొక్క రసాయనమును పరీక్షించుచు పోయి, 1947లో డైయిథైల్‌కార్బమజీన్ అను దానిని ప్రకటించిరి. హెట్రజాన్ అని దాని వ్యాపారనామము. మరుసటి సంవత్సరము ఆగష్టులో ఆయన కన్నుమూసెను. నేను చూరులో దూర్చినది ఆ మందే. భీమవరపు బిడ్డ సముద్రములకావల కనుగొన్నది తిరిగి తిరిగి మానేటి యొడ్డునకు వచ్చి, తాటాకుల నడుమ ఎలుకల పాలైనది. నాకు జ్వరము వచ్చుట కూడ మందు పనిచేయుచున్నదనుటకు గుర్తే. పిల్లపురుగులు ఒక్కసారి చచ్చునపుడు దేహము కాగును. అది నాకు చెప్పినవారు లేరో, చెప్పినను నేను వినలేదో.

ఇక గణకయంత్రము సంగతి. 1975లో పుదుచ్చేరియందు భారత వైద్యపరిశోధనామండలివారు రోగవాహక కీటకముల పరిశోధనకై ఒక కేంద్రమును స్థాపించిరి. 1981 మొదలు 1985 వరకు ఆ పట్టణమున మురుగుకాల్వలను, బావులను, గుంటలను సవరించి దోమలను తగ్గించుచు, జనుల రక్తమును పరీక్షించుచు, ప్రతి సంఖ్యను వ్రాసి పెట్టిరి. ఇంత ఓపికతో కూడిన పట్టికలు లోకమున బహు కొలదిగా నున్నవి. హాలెండు దేశమునందలి రోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు గణితజ్ఞులును, పుదుచ్చేరివారును కలిసి ఆ పట్టికలపై లింఫాసిమ్ అను నమూనాను కట్టి 1998లో ప్రకటించిరి.

దానిని నేనిట్లు ఊహించుకొందును. యంత్రములో ఒక కల్పిత గ్రామము కలదు. అందులో మనుష్యులు పుట్టుదురు, పెరుగుదురు, చత్తురు. కొందరిని దోమలు ఎక్కువగా కుట్టును, కొందరిని తక్కువగా కుట్టును. ప్రతివాని పేర పురుగుల ఖాతా. నెలకొకసారి యంత్రము ఊరంతయు తిరిగి ప్రతి ఖాతాను సవరించును. క్రొత్త పురుగు ప్రవేశించెనా, పాతది చచ్చెనా, ఈ నెల ఇతనిని కుట్టిన దోమలోనికి ఎన్ని పిల్లలు పోయెను, అని. ఇందులో ప్రతిదియు పాచికల పాటు. ఒకసారి ఆడించిన ఊరు రెండవసారి అట్లే నడువదు. కనుక ఒకే ఊరిని వందలసార్లు, వేలసార్లు ఆడింపవలెను. పురుగు ఆయువెంత, మందు ఎన్నింటిని చంపును అనునవి నిశ్చయముగా తెలియనివి గనుక, ఒక్కొక్క ఊహకు మరల వేయిసార్లు. ఇట్లు ఒక చిన్న గ్రామము కథ కోట్లకొలది లెక్కలుగా విస్తరించును. ఒక యంత్రము ఒక్కటే కూర్చుండి చేసినచో సంవత్సరములు పట్టు పనిని వందల యంత్రములు పంచుకొని చేయుటయే మహాగణనము. సాళ్లు పంచుకొని పదిమంది కూలీలు ఒక మడిలో నాట్లు వేసినట్లనుకొనుడు. వేయి ఊళ్లు ఒకదానితో నొకటి సంబంధము లేనివి గనుక సాళ్లు పంచుకొనుట ఇందులో సులభము.

అట్టి యంత్రములు మనకు సులభముగా రాలేదు. 1980వ దశకమున అమెరికా మనకు అగ్రశ్రేణి యంత్రము నమ్ముటకు సమ్మతింపకపోగా, పుణేలోని సీడాక్ సంస్థవారు చిన్న చిన్న గణకములను జతపరచి 1991లో పరమ్ 8000 అనుదానిని నిర్మించిరి. ఇప్పుడు హైదరాబాదు సమీపమున కందిలోని ఐ.ఐ.టి.లో పరమ్ సేవ అనునది కలదు. అది సెకనుకు ఎనిమిదివందల లక్షల కోట్లకు మించిన లెక్కలను చేయగలదు. ఇంతకంటె నాకు ముచ్చటగా తోచినది మరియొకటి. స్విట్జర్లాండులోని బాసెల్‌వారు ఈ శతాబ్దపు తొలి దశకమున చలిజ్వరపు నమూనాను ముక్కలు చేసి, లోకమంతటను స్వచ్ఛందముగా ముందుకువచ్చిన వేలమంది యిండ్లలోని కంప్యూటర్లకు పంపి, అవి ఊరక కూర్చున్న వేళలందు లెక్కలు చేయించిరి. మా యూళ్లలో బదులు పని అనుదురే, ఒకరి పొలమున కొకరు చేయి వేయుట, అదియే ఇది.

ఆ లెక్కలు ఏమి చెప్పినవి? మూడు సంగతులు నాకు ముఖ్యముగా తోచినవి. మొదటిది పురుగు ఆయువు. పుదుచ్చేరి సంఖ్యలమీదనే వేసిన ఒక లెక్కలో అది పిల్లలను కను కాలము సుమారు 5 ఏండ్లనియు, నమూనాతో వేసిన మరియొక లెక్కలో ఆయువు సుమారు 10 ఏండ్లనియు వచ్చినది. ఇది పండితుల వివాదము మాత్రమే కాదు. ఏటేట మాత్రలు పంచువారు అయిదవయేట ఆపవలెనా, పదియేండ్లు సాగింపవలెనా అనునది దానిపైననే యున్నది. రెండవది మురుగునీటి క్యూలెక్సు దోమ గుణము. రక్తములో పురుగులు విస్తారముగా నున్నపుడు ఆ దోమ త్రాగినవానిలో కొద్ది భాగమునే పెంచగలదు. అవి పలుచబడిన కొలది ఎక్కువ భాగమును పెంచును. అనగా వ్యాధి తగ్గినకొలది దోమ తన నేర్పును హెచ్చించుకొన్నట్లగును. చివరి మెట్టే కష్టమైన మెట్టు. మూడవదానిని చెప్పుటకు నాకు కొంచెము సంకోచము.

నమూనా కట్టినవారు మొదట ఇట్లనుకొనిరి. నూటికి 65 మంది మాత్ర మింగినచో, మింగని 35 మందియు ఏటేట మారుచుందురు. ఈ యేడు తప్పినవాడు వచ్చేయేడు మింగును. అట్లయినచో ఏండ్లు గడచినకొలది అందరికిని మందు అందును. కాని ఏటేట ఆ తప్పువారు వారే యైనచో? ఒకే మనుష్యుడు ఎన్నడును మింగనిచో? యంత్రములో ఆ ఒక్క గుణకమును మార్చి చూచిరి. ఊరంతయు శుభ్రపడినను ఆ కొలదిమంది దేహములలో పురుగులు నిలిచి, పంపిణీ ఆపిన కొన్నేండ్లకు మరల వ్యాపించు ఊళ్లు ఎక్కువైనవి. సగటున ఎందరు మింగిరి అనుదానితోపాటు, ఎన్నడును మింగనివారెందరు అనునదియు లెక్కకు రావలసినదే. ఆ వ్యాసము మొదటిసారి చదివినపుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. సమీకరణములో ఒక చిన్న అక్షరముగా నిలిచినవాడు నాకు బాగుగా తెలిసినవాడే.

కరీంనగరు జిల్లా ఈ వ్యాధికి పేరుపడిన జిల్లాలలో నొకటి. 1963లో పునాదిరాయి పడిన శ్రీరామసాగరము నీరు కాకతీయ కాలువగుండ వచ్చి పొలములు పచ్చబడినవి. ఊళ్లు పెద్దవైనవి. ఇండ్లముందరి మురుగుకు మాత్రము దారి లేదు. క్యూలెక్సు దోమ పుట్టునది పైరునీటిలోకంటె ఆ మురుగులోనే. ఈ శతాబ్దపు మొదటి దశకమున హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు చెందిన ఉపాధ్యాయుల సూర్యనారాయణ మూర్తిగారును, సహచరులును కరీంనగరు, చిత్తూరు, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి జిల్లాల గ్రామములలో రాత్రులు తిరిగి రక్తపరీక్షలు చేసి, ఇండ్ల కట్టడి, వృత్తి, మురుగు, దోమలు మొదలగు వివరములను కూర్చి, కంప్యూటరులో పటములుగా వేసిరి. ఏ యూరు ప్రమాదములో నున్నదో రంగునుబట్టి తెలియును. మా జిల్లా పటము యంత్రపు తెరమీదికెక్కుట నాకు వింతగా నుండెను. దాని ప్రతి చుక్క వెనుకను కందీలు పట్టుకొని వచ్చిన ఇరువురు మనుష్యులున్నారు గదా.

గోదావరికి ఆవల ఆదిలాబాదు. నది యొక్కటే యైనను వ్యాధుల నక్ష వేరు. 1940వ దశకమున మార్లవాయిలో గోండులతో కలిసి నివసించిన హైమెన్‌డార్ఫ్ దొరగారు చూచిన గూడెములవంటి వానిలో చలిజ్వరమే పెద్ద భయము. కొండవాగులలో పుట్టు అనాఫిలీస్ దోమలు దానిని మోయును. గణితము కూడ అచ్చట వేరగును. లక్ష జనము గల పట్టణమున సగటు లెక్క సరిపోవును. ఇరువది ముప్పది గడపల గూడెములో సగటునకు అర్థము లేదు. ఒక్క రోగి ఒక్క వాన రాత్రి పొరుగు గూడెమునకు పోవుటయే అచ్చటి చరిత్రను మార్చును. కనుక పాచికలాడు నమూనా, అనగా ఎక్కువ లెక్క వేయవలసిన నమూనా, చిన్న ఊళ్లకే ఎక్కువ అవసరము. పైగా మావారొకచోట నిలుచువారు కారు. సిరిసిల్ల పద్మశాలీలు భివండీకి, షోలాపూరుకు పోయి నేతపని చేయుదురు. జగిత్యాల పరిసరములనుండి యువకులు గల్ఫు దేశములకు పోవుదురు. యంత్రములోని వలలో ప్రతి బస్సు ప్రయాణమును ఒక దారపు పోగే.

ఊళ్ల వలను వేసినవారు ఇటీవల పురుగు లోపలి వలను కూడ వేయసాగిరి. ఈ పురుగుల దేహములో వోల్బాకియా అను సూక్ష్మజీవి కాపురముండును. అది చచ్చినచో పురుగు గొడ్డువోవును, క్రమముగా తానును చచ్చును. మన పురుగునకు జ్ఞాతియగు బ్రూజియా మలయి అనుదాని జన్యుసముదాయమును 2007లో చదివిరి. 2020లో కెనడాలోని టొరాంటోవారు మొదలగు పరిశోధకులు దాని ఆరువందల పైచిలుకు జన్యువులతో నడచు రసాయనక్రియలను, లోపలి సూక్ష్మజీవి క్రియలతోసహా, ఒక్క వలగా యంత్రములో అల్లిరి. ఏ ముడిని తెంచినచో వల చిరుగునో ముందు యంత్రములో తెంచి చూచి, పిదప పురుగుపై పరీక్షించిరి. సుబ్బారావుగారి కాలమున ఒక్కొక్క రసాయనమును ఎలుకకు పెట్టి చూచుటయే మార్గము. ఆ ఎలుకలు బోలెడు మిగిలియుండును.

2004 మొదలు మన రాష్ట్రమున ఏటేట మాత్రలు పంచుచు వచ్చిరి. 2007నుండి ఆల్బెండజోలును దేశమంతట దానికి జతచేసిరి. 2018 చివర బీహారులో ఒక జిల్లాయందు ఐవర్‌మెక్టిన్ కూడ చేర్చి మూడు మందుల పద్ధతిని ఆరంభించిరి. వ్యాధిని తొలగించుటకు ప్రపంచారోగ్యసంస్థ మొదట పెట్టుకొన్న గడువు 2020 దాటిపోయినది. 2027 నాటికి తొలగింపవలెనని కేంద్రప్రభుత్వము 2023లో ప్రకటించినది. ఈలోపల 2016లో కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు ముక్కలై, పాత పటములపై గీతలు మారినవి. దోమలకు ఆ గీతలు తెలియవు గాని చిట్టాలు వ్రాయువారికి మాత్రము శ్రమ హెచ్చినది.

పంపిణీ ఆపవచ్చునా లేదా అని తేల్చుటకు పరీక్షలు కలవు. ఆరేడేండ్ల పిల్లలను పరీక్షింతురు. మాత్రలు మొదలైన పిమ్మట పుట్టినవారి రక్తములో పురుగు జాడ కనబడినచో ఊరిలో ఇంకను వ్యాప్తి యున్నట్లే. ఈ పరీక్ష పురుగు వదలిన పదార్థమును పట్టును గనుక రాత్రి మేల్కొననక్కరలేదు. ఎట్టి మూల ఎందరిలో కనబడినచో ఆపవలెనను అవధిని సరిచూచుటకు ఆ కల్పిత గ్రామములే యంత్రములలో నేటికిని వేయిసార్లు పుట్టి చచ్చుచున్నవి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పల్లెకు పోయినపుడు ఆశా కార్యకర్త యొకతె సంచి తగిలించుకొని మా యింటికి వచ్చినది. ఎత్తునుబట్టియు, వయస్సునుబట్టియు మాత్రలు లెక్కపెట్టి నా అరచేతిలో వేసి, అక్కడనే నిలుచున్నది. ఇంటికి పోయి మింగెదనంటిని. “ఇంటికాడనే ఉన్నరు గద సారూ, నా ముందటనే మింగాలె, గట్లనే రాసుకోవాలె” అన్నది. మా పెంకుటిల్లు పోయి స్లాబు ఇల్లు వచ్చినది. దూర్చుటకు చూరును లేదు. లోనికి పోయి నీళ్లు తెచ్చుకొని మింగితిని. ఆమె నా వ్రేలికి సిరా చుక్క పెట్టి, చిట్టాలో ఒక గీత గీచి, మేనత్త కూర్చుండెడి అరుగు ఉండిన చోటును దాటి, ప్రక్క యింటికి పోయినది.